ఒక కనుబొమ్మను మాత్రమే ఎత్తడం సాధనతో వస్తుందా? ముఖ, శరీర కండరాలను విడివిడిగా కదిలించడంపై చర్చ

నూపుర (హైదరాబాదు)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉద్యోగం చేసుకుంటూ, పెద్దయ్యాక కూచిపూడి నేర్చుకోవడం మొదలుపెట్టాను. అడుగులూ జతులూ ఆలస్యంగానైనా ఒంటబట్టాయి గానీ, అభినయం దగ్గరికి వచ్చేసరికి ముఖం నా మాట వినడం లేదు. ప్రస్తుతం మా గురువుగారు భామాకలాపంలోని సత్యభామ పాత్ర నేర్పుతున్నారు. అలకతో కృష్ణుణ్ణి ఓరగా చూసే చోట ఎడమ కనుబొమ్మ ఒక్కటే లేవాలి, కుడిది ఉన్నచోటనే ఉండాలి. నేను ఎంత ప్రయత్నించినా రెండూ కలిసే లేస్తున్నాయి. నుదుటి మీద ఈ కణత నుంచి ఆ కణత వరకూ ముడతలు పడి, అలక కాస్తా ఆశ్చర్యమైపోతోంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్న విషయం మరొకటి ఉంది. పెదవి కొసను ఒకవైపే లాగి వెక్కిరింతగా నవ్వడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. రెండు కళ్లలో దేనినైనా విడిగా గీటగలను. అదే ముఖంలో కాస్త పైకి వెళ్లేసరికి ఆ వీలు ఎందుకు లేకుండా పోయింది? మా తరగతిలో ఒక చిన్నపిల్ల, ఎవరూ నేర్పకుండానే ఏ కనుబొమ్మ కావాలంటే ఆ కనుబొమ్మను ఎత్తేస్తుంది. ఇది పుట్టుకతో రావలసినదేనా, పెద్ద వయసులో కూడా సాధించగలిగినదా? ముఖమే కానక్కరలేదు, వేళ్లు, మెడ, పొట్ట, చెవులు, ఏ భాగాన్నైనా విడిగా కదిలించడం నేర్చుకున్నవారు తమ అనుభవం పంచుకుంటే కృతజ్ఞురాలిని.

ఫిజియో_విశాఖ

నూపుర గారూ, మీరు గమనించిన తేడాకు స్పష్టమైన కారణం ఉంది. ముఖకవళికలను పలికించే కండరాలు సుమారు 20 జతలు. వాటిని నడిపేది ఏడవ కపాల నాడి, అంటే ముఖ నాడి. అది చెవి ముందున్న లాలాజల గ్రంథిలో ఐదు ప్రధాన శాఖలుగా చీలి కణతకు, చెంప ఎముక వైపుకు, బుగ్గకు, దవడ అంచుకు, మెడకు వెళుతుంది. నాడి వరకూ చూస్తే కుడివైపుది కుడివైపుకే, ఎడమవైపుది ఎడమవైపుకే. కలయిక ఉన్నది దానికి పైన, మెదడులో. మూతిని, పెదవులను కదిలించే నాడీకణాలకు ఆదేశం ప్రధానంగా ఎదుటి వైపు అర్ధగోళం నుంచి వస్తుంది కనుక, ఒకవైపు పెదవిని లాగడం చాలామందికి సులభం. నుదుటి కండరాన్ని నడిపే కణాలకు మాత్రం రెండు అర్ధగోళాల నుంచీ ఆదేశాలు అందుతాయి. మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చిన వ్యక్తి మూతి ఒకవైపుకు జారినా నుదురు ముడవగలగడం, ముఖ నాడే దెబ్బతిన్న వ్యక్తి అదీ చేయలేకపోవడం ఇందువల్లనే. వైద్యులు ఆ రెంటినీ వేరుచేసి గుర్తించడానికి మొదట చూసేది నుదుటినే.

ఇక కండరం సంగతి. కనుబొమ్మను పైకి లేపేది నుదుటి కండరం ఒక్కటే. అది ఎముకను పట్టుకుని ఉండదు. పైన నడినెత్తి పొరకూ కింద కనుబొమ్మ దగ్గరి చర్మానికీ అతుక్కుని ఉంటుంది. కిందికి దించేవి మాత్రం చాలా ఉన్నాయి: బొమముడి వేసే కండరం, ముక్కు మొదట్లో ఉండే చిన్న కండరం, కంటి చుట్టూ వలయంలా ఉండే కండరం. ఒక్క కనుబొమ్మను ఎత్తగలవారిని అద్దంలో నిదానంగా గమనిస్తే, చాలామంది ఒకదానిని లేపుతూ రెండవదానిని దించే కండరాలతో పట్టి ఉంచడం కనిపిస్తుంది. కాబట్టి మీరు నేర్చుకోవలసిన పనిలో సగం కుడివైపున ఉంది.

ఈ విధంగా ప్రయత్నించండి. కుడి కనుబొమ్మ మీద రెండు వేళ్లు పడుకోబెట్టి, అది పైకి జరగకుండా సున్నితంగా ఆపండి. ఇప్పుడు రెండింటినీ ఎత్తబోయినట్టు, మామూలుగా వాడే బలంలో పావువంతు మాత్రమే వాడండి. వేళ్ల కింద కుడి కనుబొమ్మ లేవడానికి చేసే చిన్న ప్రయత్నం మీకు తెలుస్తుంది. ఎడమదానిని ఇంకా పైకి లేపాలన్న ఆలోచన పక్కన పెట్టి, వేళ్ల కింది ఆ ప్రయత్నం తగ్గేలా చూడండి. అది తగ్గుతున్న కొద్దీ వేళ్ల ఒత్తిడి కూడా తగ్గించండి. మరొక మార్గం, కుడి కంటిని కొద్దిగా చికిలించి కుడి కనుబొమ్మను ముందే దించి ఉంచడం, ఆ తరువాత ఎడమదానిని ఎత్తడం. ఎక్కువమందికి ఈ రెండవదే ముందుగా వస్తుంది.

కృష్ణాతీరం

అమ్మా నూపురా, నేను చాలాకాలంగా పిల్లలకూ పెద్దలకూ నాట్యం చెబుతున్నాను. నీ ప్రశ్న కొత్తది కాదు. భరతముని నాట్యశాస్త్రం ఎనిమిదవ అధ్యాయంలో కళ్లు, కనుబొమ్మలు, ముక్కు, చెక్కిళ్లు, కింది పెదవి, గడ్డం అనే ఆరు ఉపాంగాలకూ వేరువేరుగా కదలికలు చెప్పాడు. కనుబొమ్మలకు ఏడు: ఉత్క్షేపం, పాతనం, భ్రుకుటి, చతురం, కుంచితం, రేచితం, సహజం. ఉత్క్షేపంలో కనుబొమ్మలను రెండింటినీ కలిపి గానీ ఒక్కొక్కటిగా గానీ ఎత్తవచ్చునని ఉంది. రేచితం అంటే లలితంగా ఒక్క కనుబొమ్మనే ఎత్తడం. నీ గురువుగారు అడుగుతున్నది అదే. చెక్కిళ్లకు ఆరు, ముక్కుకు ఆరు కదలికలు చెప్పిన శాస్త్రమిది. ముఖంలోని ప్రతి భాగానికీ విడిగా సాధన ఉండాలన్న ఆలోచన మన సంప్రదాయంలో ఎంత పాతదో దీనిని బట్టి తెలుస్తుంది.

సాధనలో నేను మొదట కనుబొమ్మ జోలికి పోనివ్వను. ముందు కనుగుడ్లు. తల కదలకుండా, రెప్ప ఆడకుండా చూపును పక్కలకూ పైకీ కిందికీ, ఆ తరువాత గుండ్రంగానూ తిప్పాలి. కేరళలో కూడియాట్టం అనే సంస్కృత నాటక కళ నేర్చేవారు ఈ నేత్రసాధనను తెల్లవారుజామున కళ్లకు నెయ్యి రాసుకుని చేస్తారు. ఆ కళలో పేరుపొందిన నటుడు అమ్మన్నూర్ మాధవ చాక్యార్ కళ్లతో మాత్రమే మొత్తం దృశ్యాన్ని నిలబెట్టేవారు. కళ్లు స్థిరపడిన తరువాత రెప్పలు, ఆ తరువాతే కనుబొమ్మలు. చూపు ఎటు పోతే కనుబొమ్మ అటు పోవడం చాలామందిలో అలవాటుగా ఉంటుంది. ఆ ముడి ముందు విప్పాలి.

మెడ గురించి కూడా ప్రస్తావించావు కనుక చెబుతున్నాను. అభినయదర్పణమనే నాట్యగ్రంథంలో గ్రీవాభేదాలు, అంటే మెడ కదలికలు, నాలుగు. వాటిలో సుందరి, అంటే మెడను అడ్డంగా రెండువైపులకూ జరపడం, నేర్చేటప్పుడు భుజాలు లేవడం, గడ్డం వంగడం అందరికీ జరుగుతుంది. గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని, రెండు చేతులూ తల పైకి చాచి అరచేతులు జోడించు. కుడి చెవిని కుడి చేతికీ, ఎడమ చెవిని ఎడమ చేతికీ తాకించబోయినట్టు జరుపు. చేతులు పైన బిగిసి ఉంటాయి గనుక భుజాలకు వేరే పని ఉండదు, మెడకు తన పని తెలుస్తుంది.

డల్లాస్_తెలుగు

ఆసక్తికరమైన చర్చ. మా అబ్బాయి చెవులు కదిలించగలడు. మా నాన్నగారు కూడా కదిలించేవారు. నాకు మాత్రం రాదు. కళ్లద్దాలు పెట్టుకున్నప్పుడు వాడు చెవులను వెనక్కి లాగితే అద్దాలు ముక్కు మీద కొద్దిగా పైకి జరుగుతాయి. ఇది వంశపారంపర్యమేనా, లేక నాబోటివాడు కూడా నేర్చుకోవచ్చునా? నేర్చుకుంటే ప్రయోజనం ఏమిటని మా ఇంట్లో అడుగుతున్నారు గానీ, నాకు ఆ కండరం ఎక్కడుందో తెలుసుకోవాలన్న కోరిక నిజంగానే ఉంది.

ఫిజియో_విశాఖ

డల్లాస్_తెలుగు గారూ, కోరిక మంచిదే. చెవికి ముందు, పైన, వెనుక మూడు చిన్న కండరాలు ఉంటాయి. అవి కూడా ముఖ నాడి కిందివే. జంతువులు చెవులను శబ్దం వైపు తిప్పుకోవడానికి వాడే కండరాల అవశేషాలని 1871లో డార్విన్ వీటి గురించి రాశాడు. ఇవి దాదాపు అందరిలోనూ ఉంటాయి. కదిలించడం కొందరికే తెలుస్తుంది.

మీ ప్రశ్నకు దగ్గరి ప్రయోగం ఒకటి 1901లో అచ్చయింది. జె. హెచ్. బెయిర్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకుడు చెవి కదిలించడం రానివారికి దానిని నేర్పి, నేర్చుకోవడం ఎలా జరుగుతుందో నమోదు చేశాడు. విద్యుత్తుతో కండరాన్ని కదిలించి, కదిలితే ఎలా ఉంటుందో చూపినా, అంతమాత్రాన వారు స్వయంగా కదిలించలేకపోయారు. దవడ బిగించి, కనుబొమ్మలు ఎత్తి, ఆ ప్రాంతంలోని కండరాలన్నింటినీ కలిపి లాగినప్పుడే చెవి కదలడం మొదలైంది. తరువాత అనవసరమైనవి ఒక్కొక్కటిగా ఊడిపోయి చెవి కండరం మిగిలింది. నూరేళ్లు దాటినా, నా దగ్గరికి వచ్చేవారిలో నేను చూసే క్రమం ఇదే: మొదట గుంపు కదులుతుంది, తరువాత గుంపు పలచబడుతుంది. మొదటి రోజుల్లో చుట్టుపక్కల కండరాలు కలిసి కదిలితే అది వైఫల్యమని ఎవరూ అనుకోనక్కరలేదు.

మీరు కళ్లద్దాలు పెట్టుకుని, విశాలంగా నవ్వుతూ కనుబొమ్మలను ఎత్తండి. చెవి వెనుక తలచర్మం వెనక్కి జారడం, కళ్లద్దాల కాడ కింద చిన్న ఒత్తిడి తెలియడం గమనించండి. ఆ ఒత్తిడినే గుర్తుగా పట్టుకుని నవ్వును తగ్గించుకుంటూ రండి.

అద్దం ఎందుకు తప్పనిసరో కూడా చెప్పాలి. చేతుల్లో, కాళ్లలో కండరం ఎంత సాగిందో మెదడుకు చెప్పే సూక్ష్మమైన గ్రాహకాలు ఉంటాయి. ముఖకవళికల కండరాలలో అవి లేవనే చెప్పాలి. కళ్లు మూసుకుని చేయి ఎక్కడుందో చెప్పగలిగినంత సులభంగా కనుబొమ్మ ఎక్కడుందో చెప్పలేకపోవడానికి ఇది ముఖ్య కారణం. కాబట్టి వేళ్ల స్పర్శ గానీ, అద్దం గానీ, ఫోను కెమెరా గానీ ఆ లోటును పూరించాలి. సమాచారం అందితే మెదడు ఎంత సూక్ష్మంగా నేర్చుకోగలదో 1963లో కెనడాకు చెందిన శరీరశాస్త్రవేత్త జాన్ బాస్మాజియన్ చూపించాడు. బొటనవేలి మొదట్లోని కండరంలో సన్నని తీగలు ఉంచి, దాని విద్యుత్ సంకేతాలను తెర మీద చూపిస్తూ, టకటకమనే శబ్దంగా వినిపించాడు. అందులో పాల్గొన్నవారు ఒకే ఒక్క నాడీకణం, అది నడిపే కొద్దిపాటి తంతువులు మాత్రమే స్పందించేలా చేయగలిగారు. కొందరు దానితో తాళం కూడా వేశారు. వినిపించకపోతే అది ఉందన్న సంగతే వారికి తెలిసేది కాదు.

తెనాలి_పాఠకుడు

ఇక్కడివారు విడదీయడం గురించి మాట్లాడుతున్నారు. నాకు ఒకప్పుడు విడిగానే ఉన్న కదలికలు జబ్బు వల్ల కలిసిపోయాయి. ఆ అనుభవం ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఒక ఉదయం లేచి పళ్లు తోముకుంటుంటే నీళ్లు కుడివైపు నోటి నుంచి కారిపోయాయి. కుడి కన్ను మూతపడలేదు, నుదురు ముడత పడలేదు. వైద్యులు బెల్స్ పాల్సీ, అంటే ముఖ నాడి ఒకవైపు పనిచేయకపోవడం, అని నిర్ధారించి, మొదటి మూడు రోజుల్లోపే రావడం మంచిదయిందని స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. కన్ను ఎండిపోకుండా చుక్కల మందు, రాత్రిపూట రెప్పకు టేపు. మందు లేకపోయినా సుమారు 70 శాతం మందికి పూర్తిగా నయమవుతుందని చెప్పారు. నాకు నయం కావడానికి నెలలు పట్టింది.

ఈలోగా ఇంటికి వచ్చిన ప్రతివారూ సలహా ఇచ్చారు. బూరలు ఊదమన్నారు, చూయింగ్ గమ్ నమలమన్నారు, అద్దం ముందు నిలబడి ఎంత బలంగా వీలైతే అంత బలంగా ముఖం లాగమన్నారు. వారందరి ఉద్దేశం మంచిదే. కానీ దెబ్బతిన్న నాడి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ వస్తున్నప్పుడు, కొన్ని తంతువులు తమ పాత కండరానికి చేరకుండా పక్క కండరంలోకి వెళ్లిపోతాయి. నోటికి వెళ్లవలసినది కంటికి చేరుతుంది. నాకు కదలిక తిరిగి వచ్చాక కొన్ని నెలలకు, నవ్వితే కుడి కన్ను చిన్నదవడం మొదలైంది. పెదవులు ముందుకు చాచి ఈల వేయబోతే కన్ను పూర్తిగా మూసుకునేది. మా మనవరాలు నేను తనకు కన్ను గీటుతున్నానని అనుకుని తిరిగి గీటేది. దీనిని సింకైనీసిస్ అంటారు.

అప్పుడు నాకు దొరికిన ఫిజియోథెరపిస్టు ఒక పుణ్యాత్మురాలు. బలమైన వ్యాయామాలన్నీ ఆపించారు. అద్దం ముందు కూర్చుని, కన్ను చిన్నదవడం మొదలయ్యే క్షణం కంటే ముందే ఆగిపోయేంత చిన్న నవ్వు నవ్వమన్నారు. అది నవ్వు అని ఎదుటివారికి తెలియదు కూడా. పెదవి కొస ఒక వెంట్రుకవాసి కదులుతుంది, అంతే. కన్ను తెరిచే ఉందని చూసుకుంటూ అక్కడే కాసేపు నిలిపి, నెమ్మదిగా వదలాలి. బాగున్న ఎడమవైపు కూడా అంతకుమించి కదలకూడదు. కన్ను ముడుచుకోకుండా నవ్వగలిగే మేర క్రమంగా పెరిగింది. మిగిలిన బిగువుకు వైద్యులు కంటి చుట్టూ కొద్దిగా బొటాక్స్ అనే, కండరాన్ని సడలించే మందు ఇచ్చారు. దాని ప్రభావం కొన్ని నెలలే ఉంటుంది గానీ, ఆ నెలల్లో సాధన తేలికైంది.

నూపుర గారి సమస్యకూ నా సమస్యకూ మూలం వేరైనా, ఫిజియో_విశాఖ గారు చెప్పిన పావువంతు బలం అన్న మాట నాకు ఎంతో నచ్చింది. బలం పెంచితే పక్కవారందరూ లేచి వస్తారు. మూతి వంకర పోయిన మనిషి ఎవరైనా ఇది చదువుతూ ఉంటే, బలంగా లాగే వ్యాయామాలు సొంతంగా మొదలుపెట్టవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

నాలుగుతీగలు

నేను కర్ణాటక సంగీతంలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. విడదీయడానికి ఉన్న హద్దుల గురించి రాయాలనిపించింది.

అరచేతిని బల్ల మీద ఆనించి, మధ్యవేలిని లోపలికి మడిచి బల్లకు నొక్కి ఉంచండి. ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు విడివిడిగా ఎత్తగలరు. ఉంగరపు వేలు మాత్రం బల్లకు అతుక్కుపోయినట్టు ఉంటుంది. ఇందులో సంకల్ప లోపం ఏమీ లేదు. చేతి వెనుక భాగంలో మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెనవేలు చాచే స్నాయువుల మధ్య అడ్డ పట్టీలు ఉన్నాయి. మడవడానికి వాడే లోతైన కండరం కూడా ఈ మూడు వేళ్లకూ దాదాపు ఉమ్మడిదే. చూపుడువేలికి మాత్రం చాలావరకు సొంత భాగం ఉంది. కొందరిలో చిటికెనవేలిని మడిచే పైపొర కండరం ఉంగరపు వేలి దానితో కలిసి ఉంటుంది, కొందరిలో అసలు ఉండదు. కనుక ఒకరి చేతికి వచ్చిన స్వాతంత్ర్యం మరొకరి చేతికి అంతే మోతాదులో రాదు.

అయినా సాధనకు విలువ లేదని అనలేము. 1995లో థామస్ ఎల్బర్ట్ బృందం తంత్రీవాద్య కళాకారుల మెదళ్లను పరీక్షించి, ఎడమచేతి వేళ్లకు, ముఖ్యంగా చిటికెనవేలికి సంబంధించిన ప్రాంతం ఇతరులలో కంటే పెద్దదిగా ఉందనీ, చిన్న వయసులో మొదలుపెట్టినవారిలో అది మరింత ఎక్కువనీ చూపింది. మెదడు చోటు ఇస్తుంది; స్నాయువులు మాత్రం తమ పట్టీలను వదలవు. ఈ తేడా తెలియక వేళ్లను బలవంతంగా విడదీయబోయినవారు నష్టపోయారు. స్వరకర్త రాబర్ట్ షూమన్ 1830ల్లో కుడిచేతి వేళ్ల పట్టు కోల్పోయి పియానో విద్వాంసుడిగా కచేరీలు ఇవ్వాలన్న ఆశ వదులుకున్నాడు. దానికి కారణం ఆయన వాడిన యంత్రమా, జబ్బా అన్న వాదన ఇంకా తెగలేదు. నేడు వైద్యులు ఫోకల్ డిస్టోనియా అని పిలిచే స్థితి సంగీతకారుల్లో సుమారు వంద మందిలో ఒకరికి వస్తుంది. ఎడతెగని సాధన తరువాత, వాయించేటప్పుడు మాత్రమే, ఒక వేలు తనంతట తాను ముడుచుకుపోతుంది. మెదడులో వేళ్ల మధ్య సరిహద్దులు చెరిగిపోవడం ఇందులో ఒక భాగమని పరిశోధకులు చెబుతున్నారు.

మా గురువుగారు వేలు ఎత్తమని చెప్పడం తక్కువ, పట్టు వదలమని చెప్పడం ఎక్కువ. చిటికెనవేలు తీగ మీద ఉన్నప్పుడు బొటనవేలు వయొలిన్ మెడను నొక్కుతోందా అని చూస్తారు. ఒక వేలు బిగిస్తే మిగతా చేయి ఎలా బిగుసుకుంటుందో ఆ ఒక్క పరీక్షతో తెలిసిపోతుంది.

దృఢాసనం

పొట్ట గురించి క్లుప్తంగా రాస్తాను. నౌలి అనే క్రియలో పొట్ట ముందున్న రెండు నిలువు కండరాలను మిగిలిన పొట్ట కండరాల నుంచి వేరు చేస్తారు. ముందు ఊపిరి పూర్తిగా బయటికి వదిలి ఉడ్డీయాన బంధం వేయాలి, అంటే పొట్ట లోపలికి పైకి పోవాలి. ఆ స్థితిలో చేతులతో తొడలను నొక్కితే మధ్యలో రెండు కండరాలూ కలిసి స్తంభంలా లేస్తాయి. కుడిచేతి ఒత్తిడి పెంచితే కుడి కండరం, ఎడమచేతి ఒత్తిడి పెంచితే ఎడమ కండరం విడిగా నిలుస్తాయి. హఠయోగ ప్రదీపిక దీనిని ఆరు శుద్ధి క్రియల్లో ఒకటిగా చెప్పింది. లోనావ్లాలో 1924లో కైవల్యధామను స్థాపించిన స్వామి కువలయానంద, నౌలి చేసేటప్పుడు పెద్దపేగులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తగ్గడాన్ని కొలిచి చూపించారు. ఇక్కడ కూడా కండరానికి నేరుగా ఆజ్ఞ ఇస్తే రాదు. తొడ మీద చేతి ఒత్తిడి ద్వారా దారి చూపించాలి. రక్తపోటు, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల పొట్టకు శస్త్రచికిత్స జరిగినవారు దీనికి దూరంగా ఉండాలి. పరగడుపున, గురువు సమక్షంలోనే నేర్చుకోవాలి.

నూపుర (హైదరాబాదు)

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. చికిలించే పద్ధతి నాకు పనిచేస్తోంది. కుడి కన్ను కొద్దిగా దించి ఉంచితే ఎడమ కనుబొమ్మ విడిగా లేస్తోంది, కాకపోతే కుడి కంటి చికిలింపు ఇంకా కనిపిస్తోంది. దానిని కూడా తగ్గించే ప్రయత్నంలో ఉన్నాను.

మరొక ప్రశ్న. కరుణ రసంలో కనుబొమ్మల లోపలి కొసలు, అంటే ముక్కు వైపు కొసలు మాత్రమే లేచి, బయటి కొసలు కిందికి వాలాలి. మా తరగతిలో ఇది ఒక్కరికీ రావడం లేదు. అందరమూ బొమముడి వేస్తున్నాము. దుఃఖం కోపంగా కనిపిస్తోంది. ఒకే కనుబొమ్మలో లోపలి కొసను, బయటి కొసను వేరు చేయడం సాధ్యమేనా?

ఫిజియో_విశాఖ

సాధ్యమే, కానీ ఇది మీరు ఇప్పుడు నేర్చుకున్నదాని కంటే కష్టం. నుదుటి కండరంలో లోపలి భాగం, బయటి భాగం వేరువేరుగా పనిచేయగలవు. పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ 1978లో ప్రచురించిన ముఖ కదలికల సంకేత పద్ధతిలో లోపలి కొస లేవడం మొదటి సంఖ్య, బయటి కొస లేవడం రెండవ సంఖ్య, బొమముడి నాలుగవ సంఖ్య. ఆ ఇద్దరూ అద్దాల ముందు కూర్చుని తమ ముఖాల మీదే ఒక్కొక్క కండరాన్నీ సాధన చేసి ఆ పట్టికను తయారుచేశారు. మొదటి సంఖ్యను ఒంటరిగా, కావాలని చేయగలిగేవారు తక్కువ. నిజమైన దుఃఖం వస్తే మాత్రం అది దాదాపు అందరి ముఖంలోనూ తనంతట తానే వస్తుంది.

ఇందుకు కారణం ఉంది. కావాలని చేసే కదలికకూ, భావం వల్ల కలిగే కదలికకూ మెదడులో దారులు వేరు. కొందరు పక్షవాత రోగులను నవ్వమంటే ఒకవైపే కదులుతుంది, హాస్యం విని నవ్వినప్పుడు రెండువైపులా కదులుతుంది. మరికొందరిలో ఇది తలకిందులుగా ఉంటుంది. 1862లో ఫ్రెంచి వైద్యుడు డుషెన్, విద్యుత్తుతో ముఖ కండరాలను కదిలిస్తూ చేసిన అధ్యయనంలో, సంతోషంతో వచ్చే నవ్వులో కంటి చుట్టూ ఉండే కండరం కూడా కదులుతుందనీ, అది సంకల్పానికి అంత సులభంగా లొంగదనీ రాశాడు.

సాధన కోసం రెండు చూపుడువేళ్లను కనుబొమ్మల బయటి కొసల మీద ఉంచి అవి లేవకుండా ఆపండి. నుదుటి మధ్యలో, ముక్కు మొదటికి సరిగ్గా పైన, చిన్న అడ్డ ముడతలు పడుతున్నాయా అని చూడండి. అవి పడితే లోపలి భాగం పనిచేస్తోందని అర్థం. నిలువు గీతలు పడితే అది బొమముడి.

కృష్ణాతీరం

ఫిజియో_విశాఖ గారి మాటలతో నాకు ఏకీభావమే గానీ, ఒక్క విషయంలో గట్టిగా భిన్నాభిప్రాయం చెప్పాలి. కరుణను వేళ్లతో కనుబొమ్మలు పట్టుకుని నేర్పడం నాకు ఇష్టం లేదు. రేచితం లాంటిది లాస్యం, అంటే సుకుమారమైన విలాసం. దానిని అద్దంలో నేర్చుకోవచ్చు. శోకాన్ని అద్దంలో చూస్తూ నేర్చుకున్న పిల్లలు రంగస్థలం మీద కూడా అద్దం కోసమే వెతుక్కుంటారు. ఆ ముఖంలో దుఃఖపు ఆకారం ఉంటుంది, చూపు మాత్రం తనను తాను చూసుకుంటూ ఉంటుంది. ప్రేక్షకుడు వెంటనే పసిగడతాడు. నేను సాహిత్యం చదివిస్తాను, పాత్ర పరిస్థితిని చెప్పిస్తాను, కదలకుండా కూర్చోబెట్టి ఆ మాటలను నెమ్మదిగా వినిపిస్తాను. లోపలి కొసలు తమంతట తాము లేచినప్పుడు, "ఇదిగో, ఇప్పుడు నీ నుదుటి మీద ఏముందో గుర్తుపెట్టుకో" అంటాను. మీరే అన్నారు కదా, భావానికి వేరే దారి ఉందని. ఆ దారిలో మొదట రానిచ్చి, తరువాత సంకల్పంతో అందుకోవడమే సరైన వరుస.

ఫిజియో_విశాఖ

కృష్ణాతీరం గారూ, మీ అభ్యంతరం నాకు చాలా విలువైనది, అందులో నిజం ఉంది. రోగులతో నేను అలా చేయలేను, ఎందుకంటే వారి నాడి భావానికి కూడా స్పందించని స్థితిలో ఉంటుంది. ఆరోగ్యవంతుడైన నర్తకుడి విషయంలో మీ వరుసే మెరుగు కావచ్చు. అద్దం అవసరం ఒక్కచోట మాత్రం మిగిలే ఉంటుంది. భావం వచ్చినప్పుడు ముఖం మీద ఏం జరిగిందో నర్తకికి లోపలి నుంచి పూర్తిగా తెలియదు. మీరు పక్కన కూర్చుని "ఇదిగో" అన్నప్పుడు అద్దం చేసే పని మీరే చేస్తున్నారు. గురువు లేని సమయంలో ఆ పని ఎవరు చేయాలన్నదే నా ప్రశ్న.

తెనాలి_పాఠకుడు

నా అనుభవం ఒకటి ఈ వాదానికి చేరుస్తాను. మనవరాలు పరుగెత్తుకొచ్చి ఏదో చెబితే వచ్చే నవ్వులో నా కన్ను ఇప్పటికీ కొద్దిగా ముడుచుకుంటుంది. అద్దం ముందు నవ్వితే ముడుచుకోదు. అంటే సంకల్పపు దారి బాగుపడిన తరువాత కూడా భావపు దారిలో పాత ముడి ఉండిపోవచ్చు. నా థెరపిస్టు ఇప్పుడు అద్దం తీసేసి, ఇష్టమైన మాటలు మాట్లాడిస్తూ, మధ్యలో ఆపి కన్ను గురించి అడుగుతున్నారు.

నూపుర (హైదరాబాదు)

ఈ చర్చ మొత్తం మా గురువుగారికి చదివి వినిపించాను. వారు కృష్ణాతీరం గారితో ఏకీభవించారు, కానీ కరుణకు వేళ్లు ఉపయోగించడాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదు. మొదట సత్యభామ లేఖ రాసే సన్నివేశాన్ని అద్దం లేకుండా, ఫోను కెమెరా నడుస్తుండగా నా చేత చేయించి, తరువాత నాకు ముఖం మాత్రమే చూపించారు. ఒకచోట లోపలి కొసలు నిజంగానే లేచాయి. నాకు ఆ సంగతే తెలియదు. ఆ చోటు దగ్గర ఆపి, నుదుటి మధ్యలో వేలు ఆనించి, అదే చరణం మళ్లీ పాడించారు. వేలి కింద చర్మం సన్నగా పైకి జరగడం తెలిసింది. కుడి కంటి చికిలింపు కొద్దిగా మిగిలే ఉంది. అది సత్యభామకు అందంగానే ఉందనీ, దానిని తీసివేయాలా వద్దా అన్నది పదం పూర్తయ్యాక నిర్ణయిద్దామనీ గురువుగారు అన్నారు.